నెల్లూరు నుంచి సలమాంకాకు: ఇంటిల్లిపాదీ స్పానిష్ నేర్చుకునే నెల రోజులను ఎలా ఏర్పాటు చేసుకోవాలి

"పిల్లలతో సహా స్పెయిన్ వెళ్లి, నెల రోజులు ఉండి భాష నేర్చుకోవడం మనలాంటివాళ్లకు అయ్యే పనేనా?" నెల్లూరులోనూ, కావలి, ఒంగోలు వైపు చుట్టాల ఇళ్లలోనూ ఈ ప్రశ్న నాకు పదే పదే ఎదురవుతోంది. అడిగేవారి అవసరాలు వేరు వేరు. ఒకరి అమ్మాయి ఐరోపాలో పై చదువులు చదవాలనుకుంటోంది. ఒకరి అబ్బాయి అమెరికాలో ఆసుపత్రిలో పనిచేస్తూ స్పానిష్ తప్ప మరో భాష రాని రోగులతో రోజూ ఇబ్బంది పడుతున్నాడు. మరొకరికి పిల్లల వేసవి సెలవులు ఫోన్ల ముందు కరిగిపోవడం ఇష్టం లేదు. అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెబుతాను. ఈ ప్రయాణంలో బడి సగమే. పొద్దున తరగతిలో నేర్చుకున్న నాలుగు మాటలను అదే సాయంత్రం బజారులోనో, పార్కులోనో, బస్సులోనో ఎవరితోనైనా అనాలి. అనకపోతే మర్నాటికి అవి నోట రావు. అందుకని షికార్లను చదువుకు విరామం అనుకోకండి, చదువులో రెండో సగం అనుకోండి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఈ లెక్క మీదే ఉంటాయి.

ఊరు ఎంపిక గురించి రెండు మాటలు. నేను సలమాంకాను ఉదాహరణగా తీసుకున్నాను. మాడ్రిడ్‌కు పశ్చిమాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, తోర్మెస్ నది ఒడ్డున ఉన్న పాత ఊరు. 1218లో మొదలైన అక్కడి విశ్వవిద్యాలయం స్పెయిన్‌లోకెల్లా పాతది. విదేశీయులకు భాష నేర్పడం ఆ ఊరికి బాగా అలవాటైన పని. పాత ఊరంతా కాలినడకన తిరగొచ్చు కాబట్టి పిల్లలున్నవారికి హాయి. బార్సిలోనా అందమైన నగరమే, కానీ అక్కడ వీధి పేర్ల నుంచి బడి పాఠాల దాకా కతలాన్ భాష ఎక్కువ. మొదటిసారి స్పానిష్ నేర్చుకునేవారికి అది గందరగోళం. స్పెయిన్ దక్షిణాన ఉన్న గ్రనాదా, మాలగా బాగుంటాయి, అయితే అక్కడివారు మాటల చివరి 'స' ను మింగేస్తారు, కొత్త చెవికి కష్టం. చేతిలో అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవారికి మెక్సికో మంచి ప్రత్యామ్నాయం. ఆ వీసా ఉన్న భారతీయులకు మెక్సికో వేరే వీసా అడగదు. వహాకా, గ్వనహ్వాతో లాంటి ఊళ్లలో భాషా బడులు ఉన్నాయి.

కావలసినవి

• అందరి పాస్‌పోర్టులు. పిల్లల పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లే, ముందు దాన్ని తీసి తేదీ చూడండి.
• బడి ఇచ్చిన చేరిక పత్రం, బస రుజువు, రానుపోను టికెట్ల బుకింగ్.
• షెంగెన్ దేశాలన్నిటికీ (స్పెయిన్‌తో సహా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) వర్తించే, కనీసం 30,000 యూరోల వైద్య బీమా.
• విదేశాల్లో పనిచేసే కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి. మన యూపీఐ మీద ఆధారపడకండి.
• తలా ఒక చిన్న నోటు పుస్తకం, జేబులో పట్టేది. ఇది ఎందుకో 7వ మెట్టులో చెబుతాను.
• వెళ్లేముందు రెండు నెలల సమయం. అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

1. నెలను ఎంచుకోండి

మనవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. స్పెయిన్ బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. అందువల్ల అక్కడి భాషా బడులు పిల్లల కోసం పెట్టే వేసవి తరగతులు ఎక్కువగా జులైలో ఉంటాయి. మన సెలవులు, వారి తరగతులు కలవవు.

దీనికి రెండు దారులు. ఒకటి, మే నెలలో వెళ్లి పిల్లలకు విడిగా ఒక ఉపాధ్యాయురాలిని ఏర్పాటు చేయమని బడిని అడగడం. ఇద్దరు ముగ్గురు పిల్లలకు కలిపి రోజుకు రెండు గంటలు చాలు. రెండోది, ఇక్కడి బడిలో అనుమతి తీసుకుని జులైలో వెళ్లడం. ప్రాథమిక తరగతుల పిల్లలైతే ఇది కుదురుతుంది, తొమ్మిది, పది తరగతులవారికి వద్దు. నా ఓటు మే నెలకే. జులైతో పోలిస్తే జనం తక్కువ, ఎండ తక్కువ. నెల్లూరులో రోహిణి కార్తె ఎండలకు రోడ్లు సెగలు కక్కుతున్నప్పుడు సలమాంకాలో పొద్దున్నే స్వెట్టర్ వేసుకోవాలి. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది.

సంక్రాంతి సెలవులకు వెళ్దామనుకునేవారు మాత్రం ఆగండి. వ్యవధి చాలదు, పైగా జనవరి చలి పిల్లలను ఇంట్లోనే కూర్చోబెడుతుంది. బయట తిరగలేని నెలలో ఈ ప్రయాణానికి అర్థం లేదు.

2. బడిని ప్రశ్నలడిగి ఎంచుకోండి

స్పానిష్ భాష కోసం ఆ దేశ ప్రభుత్వం నడిపే సంస్థ ఇన్‌స్తితూతొ థెర్వాంతెస్. దాని గుర్తింపు ఉన్న బడుల జాబితా ఆ సంస్థ సొంత సైటులో దొరుకుతుంది. అందులోంచి మూడు బడులకు ఉత్తరం రాయండి. సలమాంకా విశ్వవిద్యాలయం కూడా విదేశీయులకు తరగతులు నడుపుతుంది.

అడగవలసినవి: ఏమీ రానివారికి తరగతి ఏ తేదీన మొదలవుతుంది? (కొంత వచ్చినవారు ఏ సోమవారమైనా చేరొచ్చు, బొత్తిగా రానివారికి కొన్ని తేదీలే ఉంటాయి.) ఒక తరగతిలో ఎంతమంది? పాఠం అంటే ఎన్ని నిమిషాలు? మా నెలలో ఎన్నేళ్ల పిల్లలను తీసుకుంటారు? సాయంత్రం షికార్లు ఫీజులో భాగమా, విడిగానా?

మామూలుగా వారానికి 20 పాఠాల తరగతి సరిపోతుంది. 30 పాఠాల తరగతి ఎక్కువ లాభం అనిపిస్తుంది కానీ, మధ్యాహ్నం కూడా బల్ల ముందే కూర్చుంటే సాయంత్రం మాట్లాడే ఓపిక ఉండదు. తీసుకోవద్దనే నా సలహా.

భార్యాభర్తలిద్దరినీ ఒకే తరగతిలో వేయవద్దని బడికి ముందే చెప్పండి. పక్కపక్కన కూర్చుంటే ప్రతి సందేహానికీ తెలుగులో గుసగుసలు మొదలవుతాయి. ఇద్దరిలో ఎవరు చురుకైతే వారు మాట్లాడతారు, రెండోవారు వింటూ ఉండిపోతారు.

3. వీసా కాగితాలు

180 రోజుల్లో 90 రోజులు మించకపోతే షెంగెన్ స్వల్పకాల వీసా చాలు. నెల రోజుల చదువుకు అదే సరిపోతుంది. మించితే విద్యార్థి వీసా కావాలి, అది వేరే కథ. దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా ఇవ్వొచ్చు. చివరి వారాల దాకా ఆగకండి, వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. 2024 జూన్ నుంచి ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. 6 ఏళ్లలోపు వారికి లేదు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. 12 ఏళ్ల లోపు పిల్లలకు వీసా కోసం వేలిముద్రలు తీసుకోరు.

పాస్‌పోర్టు గత 10 ఏళ్లలో జారీ అయి ఉండాలి. షెంగెన్ నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

మన జిల్లాలవారు ప్రత్యేకంగా చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది ఇంటిపేరు. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకొకరిదాంట్లో ఒక అక్షరంగా, పిల్లల జనన ధృవపత్రంలో మరోలా ఉంటుంది. అన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే జనన ధృవపత్రం, పెళ్లి ధృవపత్రం, అవసరమైతే నోటరీ చేసిన ప్రమాణపత్రం జత చేయండి. తల్లి ఇంటిపేరు వేరుగా ఉండటం గురించి మాత్రం బెంగ వద్దు. స్పెయిన్‌లో పెళ్లయినా ఆడవారు ఇంటిపేరు మార్చుకోరు. పిల్లలకు తండ్రిది, తల్లిది రెండు ఇంటిపేర్లూ ఉంటాయి.

రెండోది ఆదాయం. జీతగాళ్లకు చిక్కు లేదు. వరి, పొగాకు, రొయ్యల చెరువుల మీద బతికేవారి ఖాతాలో పంట చేతికొచ్చినప్పుడే డబ్బు పడుతుంది. దరఖాస్తుకు వారం ముందు పెద్ద మొత్తం జమైతే అధికారికి అనుమానం వస్తుంది. అమ్మకపు రసీదులు, ఆదాయపు పన్ను రిటర్నులు, పట్టాదారు పాసుపుస్తకం ఇంగ్లిషు అనువాదంతో జతచేసి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పేజీ వివరణ రాయండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం తప్పనిసరి.

4. బస

ఒంటరి విద్యార్థికి స్థానిక కుటుంబంతో ఉండటం మంచిది. నలుగురికి చోటిచ్చే ఇల్లు దొరకడం కష్టం, దొరికినా మన వంటకు పొయ్యి ఇవ్వరు. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బడికి నడిచి 15 నిమిషాల లోపు, కూరగాయల మార్కెట్‌కు అంతే దూరంలో ఉండాలి. పర్యాటక వసతిగా నమోదు సంఖ్య ఉందో లేదో అడగండి, వీసా కాగితాల్లో అది మేలు చేస్తుంది. డబ్బు పంపేముందు బడినే ఒకసారి అడగడం అన్నిటికన్నా భద్రం. వారికి తెలిసిన ఇళ్లు ఉంటాయి.

5. ఇక్కడే రెండు నెలలు మొదలుపెట్టండి

ఏమీ రాకుండా విమానం ఎక్కితే మొదటి వారమంతా అంకెలు, పలకరింపులతో పోతుంది. అవి ఇంట్లోనే నేర్చుకోవచ్చు. రోజుకు ముప్పావు గంట చాలు. ఢిల్లీలోని ఇన్‌స్తితూతొ థెర్వాంతెస్ ఆన్‌లైన్ తరగతులు పెడుతుంది. అవి కుదరకపోతే ఏదైనా ఒక మొదటి స్థాయి పుస్తకం, దాని ఆడియో.

మనకు ఉన్న సౌకర్యం ఒకటుంది. స్పానిష్‌ను ఇంగ్లిషు గుండా కాక తెలుగు గుండా నేర్చుకుంటే చాలా చోట్ల దారి దగ్గరవుతుంది. పలుకు చూడండి. స్పానిష్ 'తొమాతె' లోని 'త' అచ్చంగా మన త. ఇంగ్లిషు అలవాటులో 'టొమాటె' అంటే వినేవారికి ఎబ్బెట్టు. రెండు అంకె 'దోస్', 'డోస్' కాదు. క్రియ చివరే ఎవరన్నది చెప్పేస్తుంది కాబట్టి 'వస్తాను' అన్నట్టే 'వెంగొ' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. 'నాకు పాలు ఇష్టం' అనే వాక్యాన్ని ఇంగ్లిషులోంచి మారిస్తే తలనొప్పి. తెలుగులోంచి మారిస్తే 'మె గుస్తా లా లెచె', నాకు అనే మాట సహా అదే కూర్పు.

'ఉండు' విషయంలో స్పానిష్‌కు రెండు క్రియలున్నాయి, అందరూ వాటి దగ్గర తికమకపడతారు. ఒక గుర్తు పెట్టుకోండి. తెలుగులో క్రియే లేని చోట, అంటే 'మాది నెల్లూరు', 'నేను డాక్టరును' లాంటి చోట్ల 'సొయ్' వస్తుంది. 'ఇంట్లో ఉన్నాను', 'బాగున్నాను', 'అలసిపోయి ఉన్నాను' అన్న చోట 'ఎస్తొయ్' వస్తుంది. రూపురేఖలు, స్వభావం చెప్పేటప్పుడు మాత్రం ఇది పనిచేయదు. 'పొడుగ్గా ఉన్నాడు' అన్నప్పుడు మొదటి క్రియే వాడాలి. ఈ ఒక్క మినహాయింపు గుర్తుంటే మొదటి నెలకు చాలు.

షికార్లు కూడా ఇక్కడే మొదలవ్వాలి. ఆదివారం మైపాడు తీరానికి వెళ్తే గంటసేపు పడవలు, రంగులు, అంకెలు స్పానిష్‌లో చెప్పించండి. ఒంగోలువారికి కొత్తపట్నం ఉంది. కూరగాయల మార్కెట్‌లో పిల్లలు సంచి పట్టుకుని ఒక్కో కూర పేరు స్పానిష్‌లో అంటే మీరు తెలుగులో బేరం చేయండి. ఇంటి నాలుగు గోడల మధ్య మాత్రమే పలికిన భాష బయట నోరు తెరవనివ్వదు. ఆ బిడియం మన ఊళ్లోనే పోవాలి.

6. సామాను

ఐరోపా సమాఖ్య దేశాల్లోకి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్లకూడదు. నెయ్యి, కోవా, నెల్లూరు మలైకాజా అన్నీ ఇందులోకే వస్తాయి. తాజా కరివేపాకు, పచ్చిమిర్చి కూడా వద్దు. ధృవపత్రం లేకుండా తాజా ఆకులు, కూరలు రానివ్వరు. కందిపొడి, కరివేపాకు పొడి, నూనెలో ఊరిన ఆవకాయ, గోంగూర పచ్చడి, చింతపండు, ఇంగువ తీసుకెళ్లండి. నెయ్యితో కలిపిన పొడులు వద్దు. కారం మాత్రం తప్పక ఉండాలి. అక్కడి 'పిమెంతోన్' ఎర్రగా ఉంటుంది కానీ ఎక్కువ రకాలు తియ్యగా, పొగవాసనతో ఉంటాయి.

ఉపాధ్యాయులకు, ఇంటివారికి ఇవ్వడానికి ఉదయగిరి చెక్క చెంచాలు పది తీసుకెళ్లండి. తేలిక, పగలవు, పాడుకావు. పిడి మీద చెక్కిన సన్నని గళ్లను వేలితో తడుముతూ ఎవరైనా రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు. 'ఎచా ఆ మానొ', చేత్తో చేసినది, అని పిల్లలతో జవాబు చెప్పించండి. కానుక ఇవ్వడం కూడా ఒక పాఠమే అవుతుంది.

7. వెళ్లాక మొదటి మూడు రోజులు

మాడ్రిడ్ బరాఖాస్ విమానాశ్రయం నుంచే సలమాంకాకు నేరుగా బస్సులు ఉన్నాయి. రైలైతే చమార్తీన్ స్టేషన్ నుంచి. తరగతులు సోమవారం మొదలైతే శుక్రవారానికే చేరుకోండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే బియ్యం, పెరుగు, నూనె కొని పెట్టుకోవాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు. ఏ ఆపదకైనా 112.

వేళలకు అలవాటు పడటం భాషకన్నా కష్టం. మే నెలాఖరులో రాత్రి తొమ్మిదిన్నర దాటాకే పొద్దు గుంకుతుంది. పిల్లలు నిద్రపోరు. కిటికీకి ఉండే రోలింగ్ పరదాను ఎనిమిదిన్నరకే దించేయండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న దుకాణాలు మూసేస్తారు. ఆ వేళలో తిరిగి లాభం లేదు, మీరూ పడుకోండి. వేసవిలో మనకూ వారికీ మూడున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం ఐదు అంటే నెల్లూరులో రాత్రి ఎనిమిదిన్నర, అమ్మమ్మ వాళ్లకు ఫోను చేయడానికి సరైన వేళ.

చెప్పిన నోటు పుస్తకం ఇప్పుడు తీయండి. రోజుకు ఐదు మాటలు, ఒక వాక్యం. బోర్డు మీద చూసినవీ విన్నవీ మాత్రమే రాయాలి. ఫోనులో రాసుకుంటే మళ్లీ చూడరు.

8. పాఠానికి తగ్గ షికారు

ఇదీ అసలైన మెట్టు. పొద్దున తరగతి అయ్యాక ఉపాధ్యాయురాలిని ఒక్క ప్రశ్న అడగండి: ఈరోజు నేర్చుకున్నది ఎక్కడ వాడొచ్చు? దాన్ని బట్టి సాయంత్రం ఎటు వెళ్లాలో తేల్చుకోండి.

అంకెలు, ధరలు నేర్చుకున్నవారు ఊరి ప్రధాన కూడలి ప్లాసా మయోర్ పక్కనే ఉన్న మార్కెట్, మెర్కాదొ సెంత్రాల్‌కు మర్నాడు పొద్దున తరగతికి ముందో, శనివారమో వెళ్లండి. అక్కడ వరస కనబడదు, అలాగని ముందుకు తోసుకుపోతే తప్పు. 'కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమొ?', చివర ఎవరున్నారు, అని అడగాలి. ఎవరో చెయ్యెత్తుతారు, వారి తర్వాత మీరు. ఈ ఒక్క వాక్యం తెలిసిన విదేశీయుడిని దుకాణదారులు వేరే చూపు చూస్తారు. 'మేదియొ కిలొ', అర కిలో, అనే మాటతో పిల్లలనే టొమాటాలు కొననివ్వండి. మీరు రెండడుగులు వెనక నిలబడండి. తడబడితే అందించకండి. దుకాణదారు ఎదురుచూస్తాడు, వారికి ఓపిక ఎక్కువ.

దారి అడగడం నేర్చుకున్న రోజున కప్పను వెతకండి. విశ్వవిద్యాలయం పాత ముఖద్వారం మీద వందల శిల్పాల మధ్య ఒక పుర్రె, దాని మీద చిన్న కప్ప ఉన్నాయి. ఫోను ముట్టకుండా, 'దొందె ఎస్తా లా రానా?' అని దారినపోయేవారిని అడుగుతూ కనుక్కోవాలి. కొత్త కెథడ్రల్ (పెద్ద చర్చి) ద్వారం మీద వ్యోమగామి బొమ్మ ఉంది, 1992లో మరమ్మతు చేసినప్పుడు చెక్కినది. పిల్లలకు అది కప్పకన్నా నచ్చుతుంది. పైన, కింద, పక్కన అనే మాటలన్నీ ఈ రెండు వెతుకులాటల్లోనే వచ్చేస్తాయి. కలుసుకునే చోటు చెప్పుకోవడానికి ఊరివారంతా వాడే మాట 'దెబాఖొ దెల్ రెలోఖ్', ప్లాసా మయోర్ గడియారం కింద. మీరూ ఇంట్లోవారిని అక్కడే కలుసుకోండి.

పరిచయాలు, ఇష్టాయిష్టాలు నేర్చుకున్నాక లా అలమెదీయా పార్కు. సాయంత్రం ఆరు తర్వాత పిల్లలు, తాతయ్యలు, అమ్మమ్మలు అంతా అక్కడే ఉంటారు. పిల్లలకు రెండు వాక్యాలు చాలు: 'కొమొ తె యామాస్?', నీ పేరేమిటి, 'పుయెదొ ఖుగార్?', నేనూ ఆడొచ్చా. పెద్దలు బెంచీ మీది ముసలివారి పక్కన కూర్చోండి. వారికి వాతావరణం గురించి, మనవళ్ల గురించి మాట్లాడటం ఇష్టం, నెమ్మదిగా మాట్లాడతారు, తొందర ఉండదు. వయసులో పెద్దవారిని 'ఉస్తెద్' అని, అంటే మనం మీరు అన్నట్టు పిలవండి. ఉపాధ్యాయులు, తోటివారు మాత్రం మొదటి రోజు నుంచే 'తూ' అంటారు. అది అమర్యాద కాదు, మీరూ అలాగే అనొచ్చు.

హోటళ్లలో, తరగతుల్లో పరాగ్వే, బొలీవియా నుంచి వచ్చినవారు తగిలితే మీ ఊరి పేరు చెప్పండి. మన ఒంగోలు జాతి పశువులు ఆ దేశాల్లో 'నెలోరె' పేరుతోనే విస్తారంగా ఉన్నాయి. నెల్లూరు అనేది ఒక ఊరని తెలిసి వారు చూపే ఆశ్చర్యంతో అరగంట కబుర్లు నడుస్తాయి. ఆవు, గిత్త, మూపురం, పొలం అనే మాటలు ముందే నేర్చుకుని ఉంచుకోండి.

జరిగిపోయిన సంగతులు చెప్పడం మూడో వారంలో వస్తుంది. అందుకే దూర ప్రయాణాలను అప్పటిదాకా ఆపండి. ఆవిలా రైల్లో గంట దూరం, సుమారు రెండున్నర కిలోమీటర్ల కోటగోడ చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద నడవొచ్చు. కొండల్లో లా అల్బెర్కా అనే పల్లె ఉంది, కర్ర దూలాల మధ్య రాళ్లు పేర్చిన ఇళ్లతో. శనివారం ఒకచోటికి వెళ్లండి, సోమవారం తరగతిలో ఎక్కడికి వెళ్లారో, ఏం తిన్నారో చెప్పండి. వారానికి ఒక్క దూర ప్రయాణమే. మాడ్రిడ్, బార్సిలోనా, సెవియా అన్నీ చుట్టేయాలనుకుంటే అది విహారయాత్ర, చదువు కాదు. అలా చేస్తే బడి ఫీజు దండగ.

9. తిండి దగ్గర జాగ్రత్తలు

'బార్' అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గకండి. అక్కడ బార్ అంటే పొద్దున కాఫీ, పిల్లలకు పాలు, రొట్టె దొరికే చోటు. ముసలివారు పత్రిక చదువుకుంటారు, పిల్లలు బల్లల మధ్య ఆడుకుంటారు. మాట్లాడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

శాకాహారులు ఈ వాక్యం కంఠతా పట్టండి: 'నొ కొమొ కార్నె ని పెస్కాదొ', మాంసమూ చేపా తినను. 'కార్నె లేకుండా' అంటే సరిపోదు, పంది మాంసపు 'ఖమోన్' ముక్కలను చాలామంది మాంసం లెక్కలో వేయరు. 'వెఖెతాల్' అని రాసిన రొట్టెలో తరచుగా చేప, గుడ్డు ఉంటాయి. 'ఎన్సలాదా మిక్స్తా' లోనూ అంతే. గొడ్డు మాంసం తిననివారు 'తెర్నెరా', 'వాకా' అనే మాటలు గుర్తుపట్టాలి. 'తొర్తీయా' అంటే అక్కడ బంగాళాదుంప, గుడ్డు కలిపిన మందపాటి అట్టు, మెక్సికో రొట్టె కాదు. గుడ్డు తినే పిల్లలకు అది రోజూ దొరికే అండ.

మధ్యాహ్నం రెండింటికి 'మెనూ దెల్ దీయా' తీసుకోండి. రెండు వంటకాలు, రొట్టె, తీపి కలిపి ఒకే ధర. రాత్రి ఇంట్లో చారన్నం, పెరుగన్నం. బియ్యానికి 'లార్గొ' అని రాసినది పొడుగు గింజ, 'రెదొందొ' అన్నది అన్నం ముద్దవుతుంది. పెరుగు కొనేటప్పుడు చక్కెర లేని 'నతురాల్' అని చూసి తీసుకోండి. కందిపప్పు సలమాంకాలో దొరకడం కష్టం, 'లెంతెఖా రొఖా' అనే ఎర్ర పప్పుతో పప్పు బాగానే కుదురుతుంది. మాడ్రిడ్ మీదుగా వెళ్తే లవపియెస్ పేటలో మన వైపు సరుకుల దుకాణాలు ఉన్నాయి.

తరచుగా జరిగే పొరపాట్లు

పిల్లలు దుబాసీలుగా మారడం అన్నిటికన్నా పెద్దది. పది రోజుల్లో వారి నోరు తిరుగుతుంది, అమ్మానాన్నలు వారిని ముందుకు తోసి ఊరుకుంటారు. విరుగుడు తేలిక: రోజుకొకరి వంతు. ఆ రోజు తిండి చెప్పడం, టికెట్లు కొనడం, దారి అడగడం అంతా వారిదే. నాన్న వంతు వచ్చినరోజు పిల్లలు నోరు మెదపకూడదు.

ఎదుటివారు వేగంగా మాట్లాడగానే ఇంగ్లిషులోకి దూకడం రెండోది. దూకకండి. 'మాస్ దెస్పాథియొ, పొర్ ఫవోర్', కాస్త నెమ్మదిగా, అనండి. అందులోని 'థ' మన థ కాదు, నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదలాలి. అది పలకకపోతే 'స' అనండి, అమెరికా ఖండంలోని స్పానిష్ వారంతా అలాగే అంటారు.

తప్పులు దిద్దుతూ పిల్లలను మధ్యలో ఆపడం, సాయంత్రమంతా ఇంట్లో తెలుగు టీవీ పెట్టుకోవడం, మన ఊరివారు ఇంకెవరైనా కనబడితే రోజూ వారితోనే తిరగడం, ఇవీ ఉన్నాయి. తెలుగును పూర్తిగా మానేయమని అనను, పిల్లలు బెంగపడతారు. రాత్రి భోజనం దగ్గర నుంచి నిద్ర దాకా తెలుగు, అంతకుముందు వీలైనంత స్పానిష్. ఈ గీత నెలంతా నిలబడుతుంది.

10. వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి రోజు ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక నిమిషం తమ గురించి స్పానిష్‌లో మాట్లాడి ఫోనులో రికార్డు చేయండి. ప్రతి ఆదివారం అదే పని. నెలాఖరున మొదటిదీ చివరిదీ పక్కపక్కన వినండి. మాటల సంఖ్య కన్నా మధ్యలో ఆగిన చోట్లు తగ్గాయా అన్నది చూడండి.

రెండో వారం చివరికి: మెనూ మీద వేలు పెట్టకుండా తిండి చెప్పగలగాలి, ధర విని చిల్లర సరిగ్గా లెక్కపెట్టగలగాలి. మూడో వారం చివరికి: బస్సు ఎన్నింటికో అడిగి, జవాబు ఒక్కసారికే అర్థం చేసుకోవాలి. నాలుగో వారం చివరికి: హోటల్‌కు ఫోను చేసి నలుగురికి బల్ల ఉంచమని చెప్పగలగాలి. మనిషి ముఖం కనబడని ఫోను సంభాషణే గట్టి పరీక్ష. మూడు వారాలకూ బజారులో పిల్లలు నోరు విప్పకపోతే తిట్టకండి. వారు వింటున్నారా, నవ్వుతున్నారా, కార్టూన్ అర్థమవుతోందా చూడండి. చిన్నపిల్లలు చాలాకాలం విని, ఒక రోజు ఒక్కసారిగా మొదలుపెడతారు.

నాలుగు వారాలకు 80 పాఠాలు అవుతాయి. దాంతో మొదటి స్థాయి ఎ1 అందుతుంది, ఇంట్లో ముందే చదివినవారు దాని పై స్థాయి ఎ2 లోకి అడుగుపెడతారు. ధారాళంగా మాట్లాడతారని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

తిరిగి వచ్చాక

వచ్చిన వారంలోనే, ప్రయాణ బడలిక తీరకముందే, అక్కడి ఉపాధ్యాయురాలితో వారానికి ఒక గంట ఆన్‌లైన్ పాఠం కుదుర్చుకోండి. ఈ మాట సలమాంకాలో ఉండగానే మాట్లాడుకుని, ఏ రోజు, ఏ వేళ అన్నది నిర్ణయించుకుని రావాలి. ధృవపత్రం కావలసినవారు 'దెలె' పరీక్ష రాయొచ్చు. ఇన్‌స్తితూతొ థెర్వాంతెస్ నిర్వహించే ఆ పరీక్షలో బడి పిల్లలకు విడిగా ఎ1 స్థాయి ఉంది. పరీక్ష తేదీలు, కేంద్రాలు ముందే చూసుకుని, తిరిగొచ్చిన నాలుగైదు నెలల లోపు రాసేయండి. ఇంకా ఆలస్యమైతే మళ్లీ మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.